బిడ్డ కునుకు తీసే చోట

నవంబరు 30, ఆదివారం

ఈ డైరీ రంగుల కొట్టువాళ్ళు ఇచ్చింది. ఏడాదంతా ఖాళీగా పడి ఉంది. ఇవాళ రాయాలనిపించింది. నోటితో చెప్పే అలవాటు నాకు లేదు. చెప్పకపోతే నిద్ర పట్టేలా లేదు.

సాయంత్రం మా పాట మొదలుపెట్టాం. డిసెంబరు దగ్గర పడుతోందంటే భోజనాల బల్ల చుట్టూ కూర్చుని క్రిస్మస్ పాట పాడుకోవడం మా ఇంట్లో మా నాన్న నాటి నుంచీ ఉంది. పండగ పొద్దున చర్చిలో మా కుటుంబం బల్లల దగ్గరే లేచి నిలబడి ఆ పాటే పాడుతుంది. నేను వెనక వరసలో గోడ పక్కన నిలబడతాను. అందరి గొంతుల్లో నా గొంతు కలిపేస్తాను. ఏడాదిలో పదిమంది ముందు నేను నోరు తెరిచేది ఆ ఒక్కరోజే.

ఈసారి కోడలు బల్ల మీద కీబోర్డు పెట్టింది. చర్చిలో పాటలవాళ్ళని నడిపేది ఆమే. అందులో ఏదో నొక్కితే తాళం దానంతటదే పడుతుంది. టక్ టక్ టక్. గోడకి మేకు కొడుతున్నట్టు.

మూడో చరణం వచ్చింది.

తలుపు లేని పాకలోన తల్లి ఒడే ఊయలాయె
చలిగాలికి బిడ్డ కాస్త కునుకు తీసెను

ఇక్కడ ఆగాలి. నేను ఆగాను. మా ఆవిడ ఆగింది. కొడుకు ఆగాడు. కీబోర్డు పెట్టె ఆగలేదు. కోడలూ ఆగలేదు. "లేవండి లేవండి లోకమంతా లేవండి" అని పైగొంతులో ఒక్కతే వెళ్ళిపోయింది. మనవరాలు బుడ్డది బల్ల కిందకి దూరి నవ్వింది.

"మామయ్యా, పుస్తకంలో ఇక్కడ ఆపు లేదు," అంది కోడలు. "ఈ ఇంటికి వచ్చినప్పటి నుంచీ చూస్తున్నాను, అడగలేక ఊరుకున్నాను. ఈసారి చర్చిలో వాళ్ళంతా మనతో కలిసి పాడతారు. వాయించేవాళ్ళు కూడా ఉంటారు. మనం ఆగితే అందరూ ఒకరి మీద ఒకరు పడతారు."

"అవును నాన్నా, అసలు మనం ఎందుకు ఆగుతాం?" అన్నాడు కొడుకు.

వీడు పుట్టినప్పటి నుంచీ ఆగుతున్నాడు. ఇప్పుడు అడుగుతున్నాడు.

నేను మంచినీళ్ళ గ్లాసు తీసుకుని లేచి వెళ్ళిపోయాను.

డిసెంబరు 1

కోపం తగ్గలేదు. ఎవరితోనూ మాట్లాడలేదు. ఎవరూ గమనించలేదు. మామూలుగా కూడా అంతే కదా మరి.

డిసెంబరు 3

కొడుకు పని చేయిస్తున్న ఇంటికి వెళ్ళాను. నేను నేర్పిన పనే. నేను బ్రష్షుతో వేసేవాణ్ణి, వాడు రోలరు తిప్పిస్తాడు. లప్పం పెట్టిన గోడ ఒకటి గరుకుగా కనిపించింది. ఉప్పుకాగితం తీసుకుని రుద్దడం మొదలుపెట్టాను. దుమ్ము లేచింది. దగ్గు వచ్చింది. దుమ్ము లేస్తే ఎవరికైనా వస్తుంది.

కొడుకు వచ్చి కాగితం చేతిలోంచి లాక్కున్నాడు. "నాన్నా, నీకు దణ్ణం పెడతాను. ఆ కిటికీ దగ్గర స్టూలు మీద కూర్చో. కుర్రాళ్ళు ఎలా చేస్తున్నారో చూసి చెప్పు చాలు."

చూశాను. బాగా చేస్తున్నారు. ఇంక చెప్పడానికి ఏముంది.

ఇంటికి వచ్చేటప్పుడు మెట్ల మధ్యలో చెప్పు పట్టీ సర్దుకోవడానికి ఆగాను. పై ఇంటి టీచరమ్మ దిగుతూ, "ఏం తాతగారూ, ఒంట్లో బాగోలేదా?" అంది. చెప్పు పట్టీ అన్నాను.

బుడ్డది ఎదురొచ్చి పాట సంగతి అడిగింది. ఇంట్లో అడగాల్సినట్టు అడిగింది అదొక్కతే.

"తాతా, అక్కడ ఎందుకు ఆగుతాం?"

"బిడ్డ అప్పుడే కునుకు తీశాడు కదా. వెంటనే 'లేవండి' అని అరిస్తే ఏమవుతుంది?"

"లేచి ఏడుస్తాడు."

"అందుకే కాసేపు ఆగాలి."

"ఎంతసేపు?"

"వాడు బాగా నిద్రపోయేదాకా."

అది ఆలోచించింది. "బాగా నిద్రపోయినవాణ్ణి అప్పుడు లేపుతామా తాతా? అది ఇంకా తప్పు కదా?"

మా అమ్మ నాకు చెప్పినప్పుడు నాకు ఈ సందేహం రాలేదు. చిన్నప్పుడు నేను బుడ్డదానంత తెలివైనవాణ్ణి కాదు. అమ్మ చెప్పింది, నమ్మాను. అమ్మ అలా చెప్పాక ఆ చోటు నాకు పాట మొత్తంలోకీ ఇష్టమైపోయింది. అందరూ ఒక్కసారిగా ఊరుకుంటారు. పాకలో చలి తెలుస్తుంది. బిడ్డ ఊపిరి వినిపిస్తుంది. నిజంగా వినిపిస్తుంది. దేవుడు ఎంత చిన్నగా వచ్చాడో నాకు ఏ ప్రసంగంలోనూ తెలియలేదు. ఆ కాస్త చోట్లో తెలిసింది.

ఇదంతా కోడలికి చెప్పాలి. చెప్పగలిగితే ఈ డైరీ ఎందుకు.

డిసెంబరు 5

మళ్ళీ పాడాం. కోడలు, "ఒక్కసారి ఆగకుండా పాడి చూద్దాం మామయ్యా, అలవాటైపోతుంది," అంది. సరే అన్నాను. పెద్దవాణ్ణి, మొండికేస్తే బాగుండదు.

కునుకు తీసెను. లేవండి లేవండి.

నా గొంతు రాలేదు. నోరు తెరుచుకునే ఉంది, లోపలి నుంచి ఏమీ రాలేదు. వాళ్ళు నాలుగో చరణంలోకి వెళ్ళిపోయారు. నేను రైలు వెళ్ళిపోయాక ప్లాట్‌ఫారం మీద నిలబడ్డవాడిలా ఉన్నాను. పక్కింట్లో ఏదో మాడుతోంది. ఆ పొగ.

మా ఆవిడ నా వంక చూసింది. ఆమె చూపు నాకు నచ్చలేదు.

అప్పుడు అనేశాను. "ఆ ఆపు తీసేస్తే నేను పాడను. పండగ నాడు నిలబడను. మీరే పాడుకోండి."

పెట్టె టక్ టక్ అంటూనే ఉంది. కోడలు దాన్ని ఆపడం మర్చిపోయింది.

మా ఆవిడే అంది చివరికి: "పెళ్ళిచూపుల్లో కూడా ఈయన ఇన్ని మాటలు ఆడలేదే."

కొడుకు నవ్వాడు. కోడలు నవ్వలేదు. "ఎందుకు మామయ్యా? ఒక్క కారణం చెప్పండి, వాళ్ళందరికీ చెప్పి ఒప్పిస్తాను," అంది.

కారణం చెప్పమంటే నా నాలుక చుట్ట చుట్టుకుపోతుంది. అన్నం చల్లారిపోతోంది అన్నాను.

డిసెంబరు 7, ఆదివారం

చర్చిలో పాస్టరుగారిని పట్టుకున్నాను. ఆరాధన అయ్యాక, ఆయన చెప్పులు వెతుక్కుంటుంటే, సంగతి చెప్పాను. సగమే చెప్పగలిగాను.

"ఆగినా మంచిదే, ఆగకపోయినా మంచిదే. దేవుడు హృదయం చూస్తాడు," అన్నారు.

గోడ మీద పిల్లి. ఈయన చేత ఒక్క మాట అటో ఇటో అనిపించినవాడు ఈ చర్చిలో ఇంకా పుట్టలేదు.

డిసెంబరు 8

అక్క దగ్గరికి వెళ్ళాలి. నాన్న పాడటం చూసినవాళ్ళలో మిగిలింది అక్కా నేనే. ఆమె చెబితే కోడలు కాదనదు. అక్క చెబితే ఎవరూ కాదనలేరు.

డిసెంబరు 10

వెళ్ళాను. వెళ్ళకుండా ఉండాల్సింది.

అక్క మంచం మీద వేడినీళ్ళ సంచి వీపు కింద పెట్టుకుని కూర్చుంది. "దారి తప్పి వచ్చావట్రా?" అంది.

"నీతో పనుండి వచ్చాను."

"అదీ! నా మోకాళ్ళు ఎలా ఉన్నాయో కనుక్కోవడానికి అనుకుని ఒక్క క్షణం సంతోషించాను."

పాట సంగతంతా చెప్పాను. కోడలు, పెట్టె, పుస్తకం. బిడ్డ కునుకు తీసే చోట నాన్న అందరినీ ఎందుకు ఆపేవాడో నువ్వు ఒక్కసారి వచ్చి చెప్పు అన్నాను. అక్క వింటూ వింటూ నవ్వడం మొదలుపెట్టింది. కట్టుడుపళ్ళు జారతాయని చెయ్యి అడ్డం పెట్టుకుని మరీ నవ్వింది.

"బిడ్డ నిద్రా? ఒరేయ్ తమ్ముడూ, నువ్వు ఇంకా ఆ మాటే నమ్ముతున్నావా?"

"అమ్మే కదా చెప్పింది."

"నీకు చెప్పింది. చిన్నవాడివి, నీ నోట్లో నువ్వుగింజ నానదనుకుంది పాపం. నానడం ఏంటి, మొలకెత్తి చెట్టయినా నువ్వు చెప్పవని ఆమెకేం తెలుసు."

"మరి నిజం ఏంటి?"

"నాన్నకి ఊపిరి అందేది కాదురా. సున్నం. చిన్నప్పటి నుంచీ గోడలకి సున్నం కొట్టాడు. ఆ రెండు వరసలూ కలిపి పాడలేకపోయేవాడు. లేవండి దగ్గరికి వచ్చేసరికి పెదాలు నీలంగా అయిపోయేవి. ఒక ఏడు అందరూ పాడుకుంటూ పోయారు, ఆయన ఒక్కడూ నోరు తెరిచి నిలబడిపోయాడు. ఇంటికి వచ్చాక ఎవరితోనూ మాట్లాడలేదు. పండగ భోజనం కూడా చెయ్యలేదు. మరుసటి ఏడు అమ్మ నా వెనక నిలబడింది. ఆ చోటు రాగానే నా వీపు మీద గిల్లింది. నేను నిన్ను గిల్లాను. అందరం ఆగాం. ఆయన ఊపిరి తీసుకున్నాక కలిసి ఎత్తుకున్నాం. చర్చిలో వినే జనానికీ అదే అలవాటైపోయింది. అంతే కథ."

"నాన్నకి తెలుసా?"

"తెలియకుండా ఎలా ఉంటుంది? తెలియనట్టు ఉండిపోయాడు." నన్ను కిందనుంచి పైకి చూసింది. "నువ్వేంటి, లోపలికి వచ్చాక అంతసేపు తలుపు పట్టుకుని నిలబడ్డావు? వచ్చి కూర్చోమంటే ఆగమని వేలు చూపించావు?"

"బస్సులో రద్దీ," అన్నాను.

అక్క మళ్ళీ నవ్వలేదు. పాలు తాగి వెళ్ళమంది. తాగలేదు.

డిసెంబరు 11

అక్కకి మతిమరుపు. కిందటిసారి నన్ను పట్టుకుని బావ అనుకుని కసురుకుంది.

డిసెంబరు 12

అక్కకి మతిమరుపు.

కానీ గిల్లింది నాకు గుర్తుంది. ఎడమ మోచేతి పైన. నేను అల్లరి చేస్తున్నందుకు అనుకునేవాణ్ణి. నేను ఎప్పుడు అల్లరి చేశాను కనక.

నాన్న ఆ చోట ముందున్న బల్ల వీపు పట్టుకునేవాడు. భక్తి అనుకున్నాను. వేళ్ళ సందుల్లో సున్నం, ఎంత కడిగినా పోయేది కాదు. ఆ వేళ్ళు బల్లని గట్టిగా పట్టుకుని ఉండేవి. ఇప్పుడు కళ్ళ ముందు కనిపిస్తోంది. నిన్నటిదాకా కనిపించలేదు.

అమ్మ మీద కోపంగా ఉంది. పోయినవాళ్ళ మీద కోపం తెచ్చుకుని ఏం చెయ్యాలి? ఇన్నాళ్ళూ నేను విన్నది బిడ్డ ఊపిరి కాదు, నాన్న ఊపిరి. అది కూడా సరిగ్గా వినలేదు.

ఇప్పుడు కోడలికి ఏం చెప్పాలి? పుస్తకంలో ఆపు లేదు. నాన్నా లేడు. ఇంకెవరి కోసం ఆగాలి అంటుంది. ఆమె అడిగేది న్యాయమే.

డిసెంబరు 14, ఆదివారం

కోరింది చేతిలో పెట్టి మరీ చావగొట్టడం అంటే ఏంటో ఇవాళ తెలిసింది.

మధ్యాహ్నం కోడలు నా గదిలోకి వచ్చింది. కళ్ళు మెరుస్తున్నాయి. బుడ్డది ఆమెకి బిడ్డ నిద్ర సంగతి చెప్పిందట.

"మామయ్యా, ఎంత గొప్ప భావం. ఒక్క మాట చెప్పి ఉంటే నేను అసలు వాదించేదాన్నే కాదు. ఆపు ఉంచుతున్నాం. పెట్టెలో ఆ చోట తాళం ఆగిపోయేలా పెట్టేశాను. దీపాలు కూడా ఆపేస్తారు. బుడ్డది బొమ్మని ఎత్తుకుని మెల్లగా నడిచి వచ్చి తొట్టెలో పడుకోబెడుతుంది. అందరూ మౌనంగా ఉంటారు. ఇంకోటి మామయ్యా. పాటకి ముందు మీరు లేచి ఆ ఆపు ఎందుకో చెప్పాలి. ఎక్కువ వద్దు, రెండు మాటలు. పాస్టరుగారు ఆరాధన క్రమంలో కూడా వేయించేశారు."

వద్దమ్మా అన్నాను. ఆమెకి వినిపించినట్టు లేదు. మా ఆవిడ వంటగదిలోంచి, "ఆయన వద్దన్నారు," అని అరిచింది. "సిగ్గుపడుతున్నారు అత్తయ్యా, అంతే," అని ఈమె అక్కడికి వెళ్ళిపోయింది.

నేను అడిగిందే ఇచ్చింది. తిట్టడానికి కూడా లేదు.

డిసెంబరు 16

రెండు మాటలు. మొదటిది ప్రియమైన సంఘమా. రెండోది రావడం లేదు.

డిసెంబరు 17

బుడ్డది బొమ్మ తెచ్చి చూపించింది. బొమ్మ కళ్ళు మూయదు. పడుకోబెట్టినా, తిరగేసినా, చెంప మీద కొట్టినా మూయదు. కునుకు తీసే బిడ్డ అట. కళ్ళు పత్తికాయల్లా తెరుచుకుని పైకప్పు వంక చూస్తోంది. గుడ్డ కప్పెయ్యమన్నాను.

డిసెంబరు 19

సాయంత్రం మా ఆవిడ మంచం మీద ఉతికిన బట్టలు పోసుకుని మడత పెడుతోంది. నేను కుర్చీలో కూర్చున్నాను.

"ఏమన్నా రాసుకున్నారా?"

"లేదు."

"మీ అక్క ఫోను చేసింది."

అక్క నోట్లో నువ్వుగింజ సంగతి ఎవరూ మాట్లాడరు.

"కోడలికి నిజం చెప్పేయండి," అంది.

"చెబితే ఆపు తీసేస్తుంది."

"తీసేస్తే మీకేం?"

కుర్చీ కిటికీ వైపు జరుపుకున్నాను.

"అడుగుతున్నాను, తీసేస్తే మీకేం? మామగారు లేరు. బిడ్డ నిద్ర అత్తగారు కల్పించింది. మరి మీకేం?"

"నాకేం లేదు."

"అయితే పాడండి. ఆ రెండు వరసలూ. ఆగకుండా. ఇక్కడే, నా ముందు."

"ఇప్పుడేంటి."

"ఇప్పుడే."

పాడాను. మెల్లగానే పాడాను. చలిగాలికి బిడ్డ కాస్త కునుకు తీసెను లేవండి. రెండో లేవండి దగ్గరికి వచ్చేసరికి ఆమె ఒక్కతే బట్టలు మడత పెట్టుకుంటోందని గుర్తొచ్చింది. పాట ఆపి లేచి ఒక దుప్పటి తీసుకున్నాను. దాని అంచులు నాకు దొరకలేదు.

ఆమె నా చేతిలోంచి దుప్పటి తీసుకుంది. ఏమీ అనలేదు. అంటే బాగుండేది. ఆమె దెప్పితే నేను ఎదురు చెప్పగలను.

దాన్ని మడత పెట్టి అంది: "నేను నాలుగైదేళ్ళుగా వింటున్నాను. రాత్రుళ్ళు పక్కలో. మీకు వినిపించదు, నాకు వినిపిస్తుంది. డాక్టరు దగ్గరికి వెళ్దామంటే దుమ్ము అంటారు, పొగ అంటారు. మీ నాన్నగారు కనీసం ఏమీ అనకుండా బల్ల పట్టుకునేవారట."

"నాకేం రోగం?" అన్నాను.

"అదే అడుగుతున్నాను," అంది.

డిసెంబరు 20

చలి ఎక్కువగా ఉంది. ఈ ఊరి గాలే బాగోదు.

డిసెంబరు 21, ఆదివారం

చర్చిలో అందరితో కలిసి పాడి చూసుకున్నాం. కోడలు ముందు నిలబడి వాళ్ళకి చెప్పింది: "ఇది మా మామయ్యగారి నాన్నగారు మొదలుపెట్టిన మౌనం. ఆయన గొప్ప భక్తులు. బిడ్డ యేసు నిద్ర చెడకూడదని సంఘమంతటినీ ఆపేవారు."

అందరూ వెనక్కి తిరిగి నా వంక చూశారు. మర్యాదగా తలలు ఊపారు. కళ్ళద్దాల కొట్టాయన వచ్చి నా చెయ్యి రెండు చేతులతో పట్టుకుని, "అలాంటి మనుషులు ఇప్పుడు లేరండీ," అన్నాడు. గోడలో దూరిపోవాలనిపించింది.

మా నాన్న గొప్ప భక్తుడేమీ కాదు. ప్రార్థనలో తూగేవాడు. అమ్మ మోచేత్తో పొడిచేది. పనిలో నిచ్చెన జరిగితే నోటికి వచ్చినట్టు తిట్టేవాడు. కానీ ఊపిరి అందనప్పుడు కూడా పాట మధ్యలో కూర్చోలేదు. నిలబడ్డాడు. తన కోసమే అందరూ ఆగుతున్నారని తెలిసి కూడా ప్రతి ఏడూ వెళ్ళి నిలబడ్డాడు. అది ఎంత కష్టమో వీళ్ళకి తెలియదు. నాకు తెలుసు.

వీళ్ళు ఆయన్ని తీసేసి ఇంకెవరినో పెట్టారు. మంచివాడే, కానీ నేను ఆయన్ని ఎరగను.

దీపాలు ఆపినప్పుడు బుడ్డది చీకట్లో బల్ల తట్టుకుని బొమ్మని పడేసింది. కళ్ళు అప్పుడు కూడా మూయలేదు.

డిసెంబరు 23

కోడలికి చెప్పడానికి రెండుసార్లు వెళ్ళాను. మొదటిసారి ఫోనులో ఉంది. రెండోసారి, "ఏం మామయ్యా?" అంది. బుడ్డది గౌను ఇస్త్రీ అయిందా అని అడిగి వచ్చేశాను.

నిజం చెబితే పాటలో నేను మిగలను. చెప్పకపోతే నాన్న మిగలడు. ఎటు తిరిగినా ఒకరం ఆ ప్లాట్‌ఫారం మీద నిలబడాల్సిందే.

డిసెంబరు 24

రేపు.

డిసెంబరు 25, గురువారం

రాయకపోతే మర్చిపోతాను. మర్చిపోను, అయినా రాస్తాను.

కొడుకు వెళ్ళి అక్కని కూడా తీసుకొచ్చాడు. ఆమెని ముందు వరసలో కుర్చీలో కూర్చోబెట్టారు. పాస్టరుగారు నన్ను పిలిచారు. వెనక గోడ దగ్గరి నుంచి ముందుకి నడవడం నాకు అలవాటు లేదు. మైకు ఇచ్చారు. అది నోటికి దగ్గరగా పెట్టుకుంటే నా ఊపిరి అందరికీ వినిపించింది. బర్రుబర్రుమని, బీటలువారిన గొట్టంలో గాలిలా. దూరం పెట్టుకుంటే మాట వినిపించదు. రెండిట్లో ఒకటి ఎంచుకోవాలి. దగ్గరే పెట్టుకున్నాను.

ప్రియమైన సంఘమా అనడం మర్చిపోయాను.

"ఆ ఆపు పుస్తకంలో లేదు. మా నాన్న సున్నం కొట్టేవాడు. ఆయనకి ఊపిరి అందేది కాదు. ఆయన వెనకబడకుండా మా అమ్మ అందరినీ ఆపింది. బిడ్డ నిద్ర అని నాకు చెప్పింది, ఆయన చిన్నబోకూడదని. అంతే."

ఎవరో దగ్గారు. కళ్ళద్దాల కొట్టాయన తల దించుకున్నాడు. కోడలి వంక చూడలేకపోయాను. ఆమె చెప్పింది అందరి ముందూ నేను కాదన్నట్టయింది. ఇంత చేసిన పిల్ల.

ఇంకో మాట ఉంది. అది అనుకోలేదు, వచ్చేసింది.

"నాకూ అందడం లేదు. మీరు ఆగక్కర్లేదు. పాడుకుంటూ వెళ్ళండి."

మైకు ఎవరికి ఇవ్వాలో తెలియక కీబోర్డు మీద పెట్టేశాను. అది కుయ్యిమని అరిచింది. కోడలు దాన్ని తీసి పక్కన పెట్టింది. ఆమె ఏం అనుకుందో మొహంలో కనిపించలేదు. నేను వెళ్ళి మా వాళ్ళ వెనక, గోడ పక్కన నిలబడ్డాను. మా ఆవిడ తన చోటు వదిలి వెనక్కి వచ్చి నా పక్కన నిలబడింది. వద్దు, ముందుకి వెళ్ళు, వరస చెడుతుంది అన్నాను. వినలేదు. ఏనాడు విన్నది కనక.

కోడలు ఏదో నొక్కింది. టక్ టక్ వస్తుందనుకున్నాను. రాలేదు. తాళం ఆపేసింది. చేత్తోనే వాయించింది.

మొదటి చరణం, రెండో చరణం. మూడోది వచ్చింది. తల్లి ఒడే ఊయలాయె. కునుకు తీసెను.

అందరూ ఆగారు.

దీపాలు ఆపాల్సినవాడికి ఆపాలో వద్దో తెలియలేదనుకుంటాను, అన్నీ వెలుగుతూనే ఉన్నాయి. బుడ్డది బొమ్మతో నడవ మధ్యలో నిలబడిపోయి వాళ్ళమ్మ వంక చూస్తోంది. అంతా గందరగోళం. నాకు చిరాకేసింది. చీకటిగా ఉంటే కాస్త నయంగా ఉండేది. ఇంత వెలుతురులో ఇంతమంది ఊరికే నోరు మూసుకుని నిలబడ్డారు.

కోడలు మీటల మీద వేళ్ళు పెట్టి, వాయించకుండా, తల తిప్పి నా వంక చూస్తోంది. కొడుకూ తిరిగాడు. అక్క కుర్చీలోంచి తిరగలేక చెయ్యి మాత్రం పైకెత్తి ఉంచింది, ఎవరినీ కదలొద్దని.

వెళ్ళండి అని చేత్తో సైగ చేశాను. వెళ్ళలేదు. మళ్ళీ చేశాను. కోడలు లేదన్నట్టు తల ఊపింది. మెల్లగా, మామయ్యా తొందరేం లేదు అన్నట్టు. ఈ పిల్లకి మొండితనం ఎక్కడిదో.

ముందున్న బల్ల పట్టుకున్నాను. ఊపిరి సగమే వచ్చింది. ఇంకోసారి తీసుకున్నాను. కాస్త వచ్చింది. ఆ నిశ్శబ్దంలో నా ఊపిరి ఒక్కటే వినిపిస్తోంది, చర్చి మొత్తానికి. ఇంక సిగ్గుపడటానికి ఏం మిగిలింది.

నేనే ఎత్తుకున్నాను. లేవండి.

పాట నేను మొదలుపెట్టడం, మిగతావాళ్ళు అందుకోవడం, నా జన్మలో లేదు. గొంతు బాగోలేదు. శ్రుతి కూడా కాస్త దిగింది. కోడలు శ్రుతి నా దగ్గరికి దించింది. రెండో లేవండి దగ్గర మా ఆవిడ కలిసింది, తర్వాత కొడుకు, తర్వాత అందరూ.

చివరిదాకా నన్ను దాటి ఎవరూ వెళ్ళలేదు.